మన కంచంలో ఎన్ని బిందెల నీళ్ళు?

పిల్లలూ, ముందుగా ఒక చిన్న లెక్క చేద్దాం. భయపడకండి. గుణకారమూ భాగహారమూ తెలిస్తే చాలు. నేను ముప్ఫై అయిదేళ్ళు బడిపంతులుగా పని చేసినవాణ్ణి గనక, లెక్క లేకుండా కబురు మొదలు పెట్టటం నాకు చేత కాదు.

రాత్రి మీ కంచంలో అమ్మ వడ్డించిన అన్నానికి 100 గ్రాముల బియ్యం పట్టిందనుకోండి. వడ్లను మిల్లుకు పట్టిస్తే పొట్టూ తవుడూ పోతాయి. అందుచేత 100 గ్రాముల బియ్యానికి సుమారు 150 గ్రాముల వడ్లు కావాలి. మరి ఆ వడ్లు పండటానికి నీరెంత కావాలి? నారు పోసిన నాటి నుంచి కోత దాకా వాన నీరూ, చెరువు నీరూ, బావి నీరూ అన్నీ కలుపుకుని, ఒక కిలో వడ్లకు సుమారు 2,500 లీటర్ల నీరు పొలంలోకి పోవాలని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఆ లెక్కన 150 గ్రాములకు 375 లీటర్లు. మన ఇళ్ళలో బిందెకు 15 లీటర్లు పడతాయనుకుందాం. 375ను 15తో భాగించండి. ఎంత వచ్చింది?

25!

అంటే మీ ఒక్కరి కంచంలోని ఒక్క పూట అన్నం వెనక 25 బిందెల నీళ్ళున్నాయన్న మాట. "అన్ని నీళ్ళు ఎక్కడికి పోయాయి, పంతులుగారూ? మెతుకు పిండితే చుక్క రాదే!" అని మా బడిలో ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. కొంత నీరు వరి మొక్క వేళ్ళతో పీల్చుకుని ఆకుల ద్వారా ఆవిరిగా వదిలేస్తుంది. మొక్క బతికేదే అలాగ. కొంత నీరు మడిలో నుంచే ఎండకు ఆవిరవుతుంది. మిగిలింది భూమిలోకి ఇంకుతుంది. గింజలో ఉండిపోయే నీరు చాలా స్వల్పం. కాని ఆ 25 బిందెలూ లేకపోతే ఆ స్వల్పమైన గింజ కూడా లేదు.

ఇంత చిన్న లెక్క ఎందుకు చెప్పానంటే, దీని వెనక బహు పెద్ద లెక్క ఒకటి ఉన్నది.

నోళ్ళు ఎన్ని? గింజలు ఎన్ని?

2022 నవంబరు 15న భూమి మీద జనాభా 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. ఈ శతాబ్దంలోనే అది 1,000 కోట్లు దాటుతుందని అంచనా. ఇంతమందికీ అన్నం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1798లో ఇంగ్లండులో మాల్థస్ అనే పండితుడు ఒక పుస్తకం రాశాడు. జనం రెట్టింపులు రెట్టింపులుగా పెరుగుతారనీ, పంట అంత వేగంగా పెరగదనీ, చివరకు కరువు తప్పదనీ ఆయన వాదన. అప్పుడు ప్రపంచ జనాభా 100 కోట్లకు లోపే.

ఆయన భయం మన దేశంలో నిజమవుతుందా అనిపించిన రోజులున్నాయి. 1965, 1966 సంవత్సరాలలో వానలు లేవు. 1966లో మన దేశం సుమారు 1 కోటి టన్నుల ధాన్యం విదేశాల నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఓడ వస్తేనే పొయ్యి వెలుగుతుంది అన్నట్టు ఉండేది. ఆ రోజుల తరవాత చాలా ఏళ్ళ దాకా మా బడుల్లో పిల్లలకు విదేశాల నుంచి వచ్చిన పాలపొడితో కలిపిన పాలూ, పసుపుపచ్చని రవ్వ ఉప్మా పెట్టేవారు. ఆ ఉప్మా కోసం పలకలు చంకన పెట్టుకుని వరసలో నిలుచున్న వాళ్ళలో నేనొకణ్ణి.

ఇప్పుడు ఈ రెండు లెక్కలు చూడండి. 1951లో మన దేశ జనాభా 36 కోట్లు. ఆ కాలంలో ఏడాదికి పండిన ఆహారధాన్యం సుమారు 5.1 కోట్ల టన్నులు. ఇప్పుడు మన జనాభా 140 కోట్లు దాటింది. 2023-24లో పండిన ధాన్యం సుమారు 33.2 కోట్ల టన్నులు. జనం నాలుగు రెట్లయ్యారు. ధాన్యం ఆరు రెట్లు దాటింది. మాల్థస్ లెక్క తప్పింది!

ఎలా తప్పింది? గింజ మారింది గనక.

పొట్టి వరి, బోలు పిలక

పూర్వపు వరి రకాలు చాలా మటుకు పొడుగ్గా పెరిగేవి. ఎరువు ఎక్కువ వేస్తే ఇంకా ఏపుగా పెరిగి, కంకి బరువుకు నేల మీద పడిపోయేవి. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వారు 1966లో ఐ.ఆర్. 8 అనే పొట్టి వరిని బయట పెట్టారు. దాని కాండం పొట్టి, గట్టి. ఎంత ఎరువు వేసినా పడిపోదు, బలమంతా గింజలోకి పోతుంది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు దీన్ని పండించి చూపించాడు. ఆయనకు "మిస్టర్ ఐ.ఆర్. 8" అనే పేరు కూడా వచ్చింది.

కాని కొత్త వరి మా వరంగల్లు ప్రాంతానికి వచ్చేసరికి ఒక శత్రువు కాచుకుని ఉన్నది. దాని పేరు ఉల్లికోడు. తల్లి పురుగు దోమంత ఉంటుంది. దాని పిల్లపురుగు వరి పిలకలోకి దూరి, సరిగ్గా మొలక పెరిగే చోట చేరుతుంది. అంతే! ఆ పిలక ఆకు వెయ్యటం మానేసి ఉల్లికాడలాగా, తెల్లగా, బోలుగా, గొట్టంలా పెరుగుతుంది. దానికి ఇక కంకి రాదు. మడి పచ్చగానే ఉంటుంది, నీరూ తాగుతూనే ఉంటుంది, గింజ మాత్రం ఉండదు. ఆ రైతు పెట్టిన బిందెలన్నీ వృథా.

దీనికి మందు ఎక్కడ దొరికిందో తెలుసా? పాత గింజలోనే దొరికింది. ఈశ్వరకోర అనే పాత దేశవాళీ వరి ఒకటి ఉండేది. దాని దిగుబడి గొప్పది కాదు గాని ఉల్లికోడు దాన్ని ఏమీ చెయ్యలేకపోయేది. వరంగల్లు పరిశోధనా కేంద్రం వారు ఈశ్వరకోరను మార్టేరు రకం ఎంటీయూ 15తో సంకరం చేసి, డబ్ల్యు 1263 అనే రకాన్ని తయారు చేశారు. ఆ "డబ్ల్యు" అంటే వరంగల్లే. ఉల్లికోడును తట్టుకునే ఆ గుణాన్ని తరవాత ఎందరో శాస్త్రజ్ఞులు తమ తమ వరి రకాలలోకి తెచ్చుకున్నారు. అలాగే థాయిలాండు నుంచి వచ్చిన సియాం 29 అనే వరిని ఐ.ఆర్. 8తో కలిపి సురేఖ, ఫల్గుణ అనే రకాలు తీశారు.

కథ అక్కడితో అయిపోలేదు. పురుగు కూడా మారింది! ఒక చోట తట్టుకున్న వరి ఇంకొక చోట తట్టుకోలేకపోయింది. శాస్త్రజ్ఞులు మళ్ళీ వెతకవలసి వచ్చింది. అందుకే పాత వరి రకాలను "పనికిరానివి" అని పారెయ్యరాదు. ఈశ్వరకోరను ఎవరూ దాచి ఉంచకపోతే, మందు దొరికేది కాదు గదా!

మంచి గింజ దొరికింది. కాని ఎంత మంచి గింజకైనా మళ్ళీ ఆ బిందెల నీళ్ళు కావాలి. మా వైపు అసలు కథ ఇక్కడే మొదలవుతున్నది.

నదికి దూరంగా ఉన్నవాళ్ళు

మాది జనగామ వైపు ఊరు. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి మూడూ జిల్లాలయ్యాయి. పటం తీసి చూడండి. భూపాలపల్లికి గోదావరి దగ్గర. జనగామ మిట్ట ప్రాంతం. గోదావరి తనంతట తానుగా ఎక్కి రాదు. సంవత్సరపు వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. అదీ కొన్ని రోజులలోనే కుంభవృష్టిగా పడి పోతుంది. కింద నల్లరాయి. నీరు నిలిచేది తక్కువ, పారిపోయేది ఎక్కువ.

అలాంటి చోట ఏం చెయ్యాలి? ఎనిమిది వందల ఏళ్ళ కిందట కాకతీయుల కాలం వారు ఈ ప్రశ్నకు జవాబు చెప్పారు. "పారిపోయే నీటిని పట్టి కూర్చోబెట్టు" అన్నదే ఆ జవాబు. దాని పేరు చెరువు.

భూపాలపల్లి జిల్లా గణపురంలో గణపసముద్రం ఉన్నది. పేరులోనే సముద్రం! మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో పెద్ద చెరువు ఉన్నది. దాన్ని గణపతిదేవ చక్రవర్తి చెల్లెలు మైలాంబ తవ్వించింది. ఆ చెరువు దగ్గరి శాసనంలో కాకతీయ రాజుల వంశక్రమం ఉన్నది. చూడండి, ఆ రాజుల తాతముత్తాతల సంగతి మనకు తెలియటానికి ఒక చెరువు శాసనం కారణమయింది. పక్కనున్న ములుగు జిల్లాలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి దగ్గరలోనే రామప్ప చెరువు ఉన్నది. గుడి కట్టినవారు చెరువును మరవలేదు.

చెరువు అంటే ఉత్త గుంట కాదు. అది ఒక యంత్రం వంటిది. వాగుకు అడ్డంగా మట్టితో కట్ట వేస్తారు. రెండు గుట్టల నడుమ ఇరుకు చోటు దొరికితే కట్ట పొట్టిగా సరిపోతుంది, నీరు మాత్రం విశాలంగా నిలుస్తుంది. కట్ట అడుగున రాతితో తూము పెడతారు. తూము తెరిస్తే నీరు కాలువలోకి, కాలువ నుంచి పొలాల్లోకి పోతుంది. వాన ఎక్కువై చెరువు నిండితే కట్ట తెగకుండా, మిగిలిన నీరు పోవటానికి ఒక పక్క రాతి కట్టడం ఉంటుంది. దాన్ని కోస్తాలో అలుగు అంటారు, మేము మత్తడి అంటాం. "చెరువు మత్తడి దుంకింది!" అని ఎవరైనా కేక వేస్తే ఊరంతా చూడటానికి పరుగెత్తేది. ఆ ఏడు అన్నానికి లోటు లేదని ఆ కేకకు అర్థం.

ఆ దుంకిన నీరు ఏమవుతుంది? కింది ఊరి చెరువులోకి పోతుంది. అదీ నిండితే ఇంకా కింది చెరువులోకి. వీటినే గొలుసుకట్టు చెరువులంటారు. పై పొలాల్లో తడిసి జారిన నీరు కూడా కింది చెరువుకే చేరుతుంది. చెరువులో ఇంకిన నీరు కట్ట కింద బావుల్లో ఊరుతుంది. ఒకే వాన చుక్క రెండు మూడు ఊళ్ళకు పని చేస్తుందన్న మాట.

యంత్రానికి నడిపేవాడు కావాలి గదా? ప్రతి చెరువుకూ ఒక నీరటి ఉండేవాడు. ఏ మడికి ఎంత సేపు నీరు పోవాలో అతడే చూసేవాడు. పెద్ద ఆసామి మడి అయినా, పేదవాడి మడి అయినా నీరటి తెరిస్తేనే నీరు. నీరటి ధర్మంగా ఉన్న ఊళ్ళో తగాదాలు తక్కువగా ఉండేవి.

మత్తడి దుంకని ఏడు

1972లో మా వైపు పెద్ద కరువు వచ్చింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. మా ఊరి చెరువు అడుగు బీటలు వారింది. ఆ బీటల్లో మేము కాలు పెడితే మడమ దాకా దిగేది. పెద్దవాళ్ళు కరువు పనికి పోయి రోడ్డుకు మట్టి మోసేవారు. ఇంట్లో వరి అన్నం లేదు. నాయనమ్మ జొన్న గట్క చేసేది. ఒక రోజు గట్క బాగా లేదని అలిగి, నేను ముద్ద తీసి కోడికి విసిరేశాను.

నాయనమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నన్ను చెయ్యి పట్టుకుని చెరువు కట్ట మీదికి తీసుకుపోయి, ఎండిన చెరువును చూపించింది. "బిడ్డా, మెతుకు కింద పడెయ్యకు. దాని ఎనక చెరువున్నది," అన్నది. ఆమెకు చదువు రాదు. 2,500 లీటర్ల లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాని లెక్క ఆమెకు తెలుసు.

ఆ తరవాత ఏం జరిగింది? చెరువులను మరిచిపోయాం. వానతో కొట్టుకు వచ్చిన ఒండ్రు అడుగున పేరుకుని చెరువులు పూడిపోయాయి. శిఖం భూములు కొందరు దున్నుకున్నారు. చెరువు పోతేనేం, బోరు ఉన్నది గదా అనుకున్నాం. మొదట వంద అడుగులకు నీరు పడింది. తరవాత రెండు వందలు, మూడు వందలు. మా నేల కింద ఉన్నది గట్టి రాయి. అందులో నీరు ఉండేది పగుళ్ళలోనే. పైనుంచి చెరువు నింపితేనే ఆ పగుళ్ళు నిండుతాయి. చెరువు ఎండబెట్టి బోరు వెయ్యటం ఎలాంటిదంటే, కుండలో నీరు పొయ్యకుండా గ్లాసు ముంచటం వంటిది. మా బంధువు ఒకాయన ఒకే చెలకలో నాలుగు బోర్లు వేయించాడు. నాలుగూ ఎండిపోయాయి. అప్పు మాత్రం మిగిలింది. ఆ కుటుంబం ఊరు విడిచి పోయింది.

2015లో తెలంగాణ ప్రభుత్వం "మిషన్ కాకతీయ" అనే పేరుతో చెరువుల పూడిక తీత మొదలు పెట్టింది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులూ కుంటలూ ఉన్నట్టు లెక్క తేలింది. తీసిన ఒండ్రుమట్టిని రైతులు బండ్లతో, ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. ఒండ్రు మంచి ఎరువు. పైగా చెలకలో తడిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది.

ఇక పైకి రాని గోదావరిని పైకి తెచ్చే పనీ జరిగింది. దేవాదుల పథకం కింద గంగారం దగ్గర గోదావరి నీటిని మోటార్లతో ఎత్తి, పెద్ద పెద్ద గొట్టాల గుండా వందల అడుగుల ఎత్తున ఉన్న జనగామ వైపు చెరువులకు పంపారు. ఎండాకాలంలో మా చెరువులోకి గోదావరి నీరు రావటం చూసి ముసలివాళ్ళు కొబ్బరికాయలు కొట్టారు. అయితే నీటిని ఎత్తటానికి కరెంటు కావాలి, కరెంటుకు డబ్బు కావాలి. పెద్ద కట్టడాలకు పెద్ద ప్రమాదాలూ ఉంటాయి. భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ దగ్గర 2019లో ప్రారంభమైన ఆనకట్టలో, 2023 అక్టోబరులో కొన్ని స్తంభాలు కుంగిపోయాయి. కాబట్టి పెద్ద ఆనకట్ట ఉన్నంత మాత్రాన చిన్న కుంటను చులకన చెయ్యరాదు.

తక్కువ బిందెలతో ఎక్కువ గింజలు

జనం పెరుగుతున్నారు. వాన పెరగదు. అందుచేత ముందు ముందు "ఎకరానికి ఎన్ని బస్తాలు?" అనే ప్రశ్న ఒక్కటీ చాలదు. "బిందెకు ఎన్ని గింజలు?" అని కూడా అడగాలి. దీనికి మూడు ఉపాయాలు చెబుతాను.

మొదటిది, తొందరగా కోతకు వచ్చే వరి. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి చాలా రుచిగల సన్నబియ్యం. కాని అది పండటానికి సుమారు 150 రోజులు పడుతుంది. 2015లో రాజేంద్రనగర్ నుంచి వచ్చిన తెలంగాణ సోన సుమారు 125 రోజులకే కోతకు వస్తుంది. పాతిక రోజుల నీరు మిగిలినట్టే.

రెండవది, మడిని తడిపి ఆరబెట్టటం. వరికి ఎప్పుడూ మోకాలి లోతు నీరు ఉండాలనుకోవటం పొరపాటు. ఒక గొట్టానికి చుట్టూ చిల్లులు పొడిచి మడిలో పాతుతారు. లోపలికి తొంగి చూస్తే మట్టి కింద నీరెంత లోతున ఉన్నదో కనిపిస్తుంది. మట్టికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకనే మళ్ళీ నీరు పెడతారు. పూత సమయంలో మాత్రం నీరు తగ్గనివ్వరు. ఇలా చేస్తే దిగుబడి తగ్గకుండానే నాలుగో వంతు దాకా నీరు ఆదా చెయ్యవచ్చు. పైసా ఖర్చు లేని యంత్రం!

మూడవది, నేలకు తగిన పంట. జొన్నకూ సజ్జకూ వరికి కావలసిన నీటిలో సగం కూడా అక్కరలేదు. కంది, పెసర వంటి పప్పుధాన్యాలు నీరు తక్కువ తాగటమే గాక, వేళ్ళ బుడిపెలలో ఉండే సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నేను కోడికి విసిరేసిన జొన్న గట్కను ఇప్పుడు పట్నంలో డబ్బిచ్చి కొనుక్కుంటున్నారని నాయనమ్మకు తెలిస్తే ఎంత నవ్వేదో!

పండితే చాలునా?

ఇంకొక సంగతి ఉన్నది. ప్రపంచంలో ఏటా సుమారు 280 కోట్ల టన్నుల తిండిగింజలు పండుతున్నాయి. 800 కోట్లమందికి పంచి చూడండి. మనిషికి రోజుకు కిలోకు కొంచెం తక్కువ వస్తుంది. అది చాలదా? చాలు. అందులో చాలా భాగం పశువుల దాణాకూ, ఇంధనానికీ పోతుందనుకున్నా, మనిషి మనిషికీ పిడికెడు ఉండాలి. అయినా 2024లో ప్రపంచంలో సుమారు 67 కోట్లమంది చాలినంత తిండి లేక ఉన్నారని ఐక్యరాజ్య సమితి చెప్పింది.

1943లో బెంగాలులో ఘోరమైన కరువు వచ్చినప్పుడు తొమ్మిదేళ్ళ బాలుడొకడు ఆకలితో వచ్చినవాళ్ళను కళ్ళారా చూశాడు. అతడే పెద్దవాడై గొప్ప ఆర్థికశాస్త్రవేత్త అయిన అమర్త్య సేన్. గింజలు లేకపోవటం ఒక్కటే కరువు కాదనీ, ఉన్న గింజను కొనే శక్తి పేదవాడికి లేకపోయినా కరువేననీ ఆయన 1981లో రాసిన పుస్తకంలో చూపించాడు.

ఈ సత్యాన్ని మా జనగామ ప్రాంతంలో ఒక స్త్రీ పుస్తకం లేకుండానే చెప్పింది. నిజాం కాలంలో, 1940ల నడుమ, పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలు భూమిలో వరి పండించింది. పంటను తమ గడీకి కోసుకుపోదామని దొర మనుషులు వచ్చారు. ఐలమ్మ బెదరలేదు. సంఘం వాళ్ళ తోడుతో పంట కోసి తన ఇంటికి చేర్చుకున్నది. పండించటం ఒక ఎత్తు. పండించినవాడి కంచంలోకి అది రావటం ఇంకొక ఎత్తు.

ఒక బకెట్టు అన్నం

చివరగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న బడిలో ఒక ఎండాకాలం బోరు ఎండిపోయింది. పిల్లలు ఇళ్ళ నుంచి సీసాలతో నీరు తెచ్చుకునేవారు. నీటి కోసం నేను ఎన్నో అర్జీలు పెట్టాను. ఒక రోజు మధ్యాహ్న భోజనం అయ్యాక బడి వెనక్కు పోతే, పారబొయ్యటానికి ఉంచిన అన్నం కనిపించింది. పెద్ద బకెట్టు నిండా ఉన్నది. రోజూ అలాగే పోతున్నదట. నేను ఏనాడూ అటు చూడలేదు!

ఆ సాయంత్రం ఏడో తరగతి పిల్లలతో ఆ బకెట్టును తూయించాను. అన్నం 10 కిలోలు తూగింది. బోర్డు మీద లెక్క వేశాం. 10 కిలోల అన్నానికి సుమారు 4 కిలోల బియ్యం. దానికి 6 కిలోల వడ్లు. దానికి 15,000 లీటర్ల నీరు. బిందెలు చేస్తే వెయ్యి. చుక్క నీరు లేదని అర్జీలు పెడుతున్న మేము రోజుకు వెయ్యి బిందెలు పారబోస్తున్నాం!

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాకూ మాట రాలేదు. ఎండిన చెరువు కట్ట మీద నాయనమ్మ చెయ్యి జ్ఞాపకం వచ్చింది. మరునాటి నుంచి "కొంచెం పెట్టు, కావాలంటే మళ్ళీ అడుగుతా" అనే నియమం పిల్లలే పెట్టుకున్నారు. వారం తిరిగేసరికి బకెట్టు అడుగు కనిపించింది. ఎవరూ ఆకలితో లేవలేదు.

మా బడి ఒక్కటే కాదు. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందనీ, అందులో అయిదింట మూడు వంతులు ఇళ్ళలోనే పోయిందనీ ఐక్యరాజ్య సమితి వారు తేల్చారు. కొత్త గింజ కనిపెట్టటం శాస్త్రజ్ఞుల పని. చెరువు పూడిక తీయించటం పెద్దల పని. ఈ ఒక్క పని మాత్రం పూర్తిగా మన చేతిలో ఉన్నది.

మీరు చేసి చూడండి

ఒకటి: మీ ఇంట్లో ఒక వారం పాటు మిగిలి పారబోసిన అన్నాన్ని తూచి రాయండి. కిలో అన్నానికి 100 బిందెల చొప్పున లెక్క కట్టి అమ్మానాన్నలకు చూపించండి.

రెండు: మీ ఊరికి దగ్గరి చెరువుకు పెద్దవాళ్ళతో కలిసి వెళ్ళండి. తూము ఎక్కడున్నది, మత్తడి ఎక్కడున్నది, మత్తడి నీరు ఏ ఊరి చెరువుకు పోతుంది, కనుక్కుని పటం గీయండి. నీటిలోకి మాత్రం దిగకండి.

మూడు: మీ తాతయ్యనో, నాయనమ్మనో, అమ్మమ్మనో అడిగి, వాళ్ళ చిన్నతనంలో మీ ఊళ్ళో పండిన వరి, జొన్న రకాల పేర్లు రాసుకోండి. వాటిలో మరో ఈశ్వరకోర ఉన్నదేమో ఎవరికి తెలుసు?

ఇక అన్నానికి లేవండి. 25 బిందెలు మీ కోసం ఎదురు చూస్తున్నాయి.